కొట్లాట కేసులో ఏ సెక్షన్‌కి ఎంత శిక్ష: బెంగళూరులోని తెలుగువాళ్ల కోసం

మారతహళ్లి పీజీలో రూమ్‌మేట్లు కొట్టుకున్నా, కె.ఆర్.పురం దగ్గర బండి గీసుకుపోయిందని ఎవరో రాడ్డు తీసినా, శిక్ష ఎంత పడుతుందో మూడు సంగతులు తేలుస్తాయి. గాయం ఎంతటిది, కొట్టినవాడి చేతిలో ఏముంది, అతని ఉద్దేశం ఏమిటి. ఈ మూడూ కాగితం మీదికి ఎక్కేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, ఆస్పత్రిలోనూ స్టేషన్‌లోనూ. తర్వాత ఎంత పేరున్న లాయర్ని పెట్టుకున్నా వాదనంతా ఆ కాగితాల చుట్టూనే తిరుగుతుంది. ఇది తెలియక దెబ్బలు తిన్నవాళ్లు కేసు పోగొట్టుకుంటున్నారు. ఇది తెలియకే కేసులో ఇరుక్కున్నవాళ్లు తప్పించుకోగలిగిన జైలుకి వెళ్తున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాం.

ముందు తేదీ చూడండి

గొడవ 2024 జులై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగి ఉంటే భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, వర్తిస్తుంది. అంతకుముందు జరిగి ఉంటే, విచారణ ఇప్పుడు నడుస్తున్నా సరే, శిక్ష పాత ఐపీసీ ప్రకారమే. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "త్రీ నాట్ సెవెన్ పెట్టారట" అంటారు. ఆ 307 ఇప్పుడు 109. పాత 323 ఇప్పుడు 115(2), 324 ఇప్పుడు 118(1), 325 ఇప్పుడు 117(2), 326 ఇప్పుడు 118(2). ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రాగానే చట్టం పేరు, సెక్షన్, దాని పక్కన బ్రాకెట్లో ఉన్న అంకె, మూడూ కలిపి చదవండి. 118(1)కీ 118(2)కీ మధ్య తేడా మూడేళ్ల జైలుకీ యావజ్జీవానికీ మధ్య ఉన్నంత.

గాయం: మామూలుదా, తీవ్రమైనదా

నొప్పి కలిగించే ఏ దెబ్బైనా చట్టం దృష్టిలో గాయమే. ఆయుధం లేకుండా చేత్తో కొట్టి, వాపో కమిలిన మచ్చో మిగిలితే 115(2). ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది ఒక్కటే అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఫిర్యాదును ఎన్‌సీ (నాన్ కాగ్నిజబుల్, అంటే పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేని కేసు) కింద రాసుకుని రసీదు ఇచ్చి పంపుతారు. చాలామంది ఇక్కడే "కేసు తీసుకోలేదు" అని వెనక్కి వచ్చేస్తారు. అదే గొడవలో మిమ్మల్ని దారికి అడ్డం నిలబడి కదలనివ్వకపోయి ఉంటే 126(2) కూడా వర్తిస్తుంది. దానికి శిక్ష చిన్నదే, నెల వరకు సాదా జైలు లేదా 5 వేల వరకు జరిమానా, కానీ అందులో పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. ఒక కేసులో అలాంటి నేరం ఒక్కటి ఉన్నా కేసు మొత్తాన్నీ నేరుగా దర్యాప్తు చేయాల్సిందే. కాబట్టి అడ్డగించడం నిజంగా జరిగి ఉంటే ఆ మాట ఫిర్యాదులో వదిలేయకండి.

తీవ్రమైన గాయం ఏదో 116వ సెక్షన్ ఎనిమిది రకాలుగా చెప్పింది. పుంసత్వం పోవడం, ఒక కన్ను శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, అవయవం గానీ కీలు గానీ పోవడం, వాటి శక్తి శాశ్వతంగా దెబ్బతినడం, తల లేదా ముఖం శాశ్వతంగా వికృతం కావడం, ఎముక లేదా పన్ను విరగడం లేదా స్థానం తప్పడం. ఎనిమిదోది ప్రాణాపాయం కలిగించిన గాయం, లేదా 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపెట్టిన, రోజువారీ పనులు చేసుకోనివ్వని గాయం. ఐపీసీలో ఈ గడువు 20 రోజులు ఉండేది.

కోర్టులో ఎక్కువ కేసులు ఎముక, పన్ను, 15 రోజులు అనే మూడింటి మీదే నడుస్తాయి. వాటి దగ్గర కాసేపు ఆగుదాం.

ఎముక రెండు ముక్కలు కానక్కర్లేదు. పగులు వచ్చినా, కత్తి వేటుకి ఎముకలో కోత పడినా విరిగినట్టేనని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. చిటికెన వేలు విరిగినా, ముక్కు ఎముక విరిగినా సెక్షన్ ఒకటే. ముక్కు ఎముక పగులు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. ముక్కు వంకర తిరిగి, రక్తం కారి, వాపు ఉంటే సీటీ స్కాన్ అవసరమా అని డాక్టర్ని అడగండి. పక్కటెముకలో కదలని పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. రెండు మూడు వారాలకి అతుకు పడుతున్నప్పుడు బయటపడుతుంది. అందుకే ఊపిరి పీలిస్తే నొప్పి తగ్గకపోతే మళ్లీ అదే ఆస్పత్రికి, అదే ఎంఎల్‌సీ (ఇలాంటి గాయాలకి ఆస్పత్రి నమోదు చేసే మెడికో లీగల్ కేసు) నంబరుతో వెళ్లాలి. వేరే క్లినిక్‌లో తీయించుకుంటే ఆ పగులు ఈ గొడవలో వచ్చిందేనని కలపడం కష్టమవుతుంది.

పన్ను విషయంలో డిఫెన్స్ లాయర్ మొదట వేసే ప్రశ్న, చిగుళ్ల జబ్బుతో అది ముందే కదులుతోందా అని. ఊడిన పన్ను పారేయకుండా భద్రపరచండి, అదే రోజు దంత వైద్యుడి చేత ఓపీజీ, అంటే దవడ మొత్తం కనబడే ఎక్స్‌రే, తీయించండి. చెంపదెబ్బకి కర్ణభేరి చిల్లు పడటం తరచూ చూసేదే. కానీ ఆ చిల్లు చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే మూసుకుంటుంది. అప్పుడు వినికిడి శాశ్వతంగా పోయిందనలేం. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, మొదట్లో ఒకసారి, తర్వాత ఒకసారి ఉంటేనే వాదన నిలబడుతుంది.

15 రోజుల సంగతిలో ఆస్పత్రిలో ఎన్నాళ్లు ఉన్నారన్న లెక్క ఒక్కటే సరిపోదు. డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ఏ పని చేయలేకపోయారో చూపించాలి. డాక్టర్ రాసిన విశ్రాంతి సర్టిఫికెట్, ఆఫీసు సెలవు మెయిల్స్, ఫిజియోథెరపీ రసీదులు ఇక్కడ పనికొస్తాయి.

తీవ్రమైన గాయమని తేలి, ప్రమాదకర ఆయుధం లేకపోతే 117(2). ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. ఆ దెబ్బకి మనిషి శాశ్వత వికలాంగుడైనా, కోలుకోలేని అచేతన స్థితిలోకి వెళ్లినా 117(3). కనీసం పదేళ్ల కఠిన కారాగారం, గరిష్ఠంగా బతికున్నంత కాలం జైలు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది గుంపుగా కులం, మతం, పుట్టిన ఊరు, భాష లాంటి కారణంతో తీవ్రంగా గాయపరిస్తే 117(4), గుంపులో ప్రతి ఒక్కరికీ ఏడేళ్ల వరకు. భాష పేరు చెప్పి గుంపు మీద పడ్డప్పుడు ఈ సెక్షన్ గుర్తుంచుకోండి. ఏ మాటలన్నారో ఉన్నదున్నట్టుగా ఫిర్యాదులో రాయాలి.

చేతిలో ఏముంది

ఆయుధం రాగానే కథ మారిపోతుంది. కాల్చే, పొడిచే, కోసే సాధనాలు, దాడికి వాడితే ప్రాణం తీయగల ఏ వస్తువైనా, నిప్పు, వేడి పదార్థం, విషం, తినివేసే పదార్థం, పేలుడు పదార్థం, జంతువు, ఇవన్నీ 118లోకి వస్తాయి. వీటితో మామూలు గాయమే అయితే 118(1), మూడేళ్ల వరకు జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్రమైన గాయమైతే 118(2), కనీసం ఏడాది, పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం, ఆపైన జరిమానా. ఆ కనీస ఏడాది కొత్త చట్టంతో వచ్చింది. పాత 326లో లేదు.

ఇక్కడ చాలామంది తికమక పడే సంగతి ఒకటుంది. 117(2)కి ఏడేళ్లు, అయినా స్టేషన్‌లోనే బెయిల్ హక్కుగా దొరుకుతుంది. 118(1)కి మూడేళ్లే, కానీ బెయిల్ కోసం కోర్టుకెళ్లాలి. పిడిగుద్దుకి దవడ విరగ్గొట్టినవాడు సాయంత్రానికి ఇంటికొస్తాడు, బ్లేడుతో చెయ్యి గీసినవాడు లోపల ఉండొచ్చు. ఆయుధం ప్రస్తావన నిజమా కాదా అన్నది మొదటి రోజే ఇంత తేడా తెస్తుంది.

ఏది ప్రమాదకర ఆయుధం? మచ్చుకత్తి, చాకు, పగలగొట్టిన బీరుసీసా మీద వాదన ఉండదు. రాయి, హెల్మెట్, క్రికెట్ బ్యాట్, బెల్టు బకిల్ మీదే వాదనంతా. వస్తువు పేరు కాకుండా దాని పరిమాణం, బరువు, ఎక్కడ ఎంత బలంగా కొట్టారన్నది కోర్టు చూస్తుంది. 2005లో మథాయి కేసులో సుప్రీంకోర్టు రాయి గురించి ఇదే చెప్పి, 326ని 325కి తగ్గించింది. 2004లో షకీల్ అహ్మద్ కేసులో మనిషి పళ్లు ఆయుధం కావంది. అందుకే కొరికిన కేసులో 118 పడితే దాన్ని ప్రశ్నించవచ్చు. ఫిర్యాదు ఇచ్చేవాళ్లు "ఆయుధంతో కొట్టాడు" అని వదిలేయకుండా వస్తువు ఏమిటి, సుమారు ఎంత పొడవు, ఎక్కడి నుంచి తీశాడు, తర్వాత ఎక్కడ పడేశాడు అన్నవి చెప్పాలి. పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుని మహజరు, అంటే పంచనామా, రాస్తారు. ఆ స్వాధీనాన్ని వీడియో తీయడం ఇప్పుడు తప్పనిసరి. ఆయుధం దొరక్కపోయినా కేసు పడిపోదు, కానీ బలం తగ్గుతుంది.

యాసిడ్‌కి ప్రత్యేకంగా 124 ఉంది. పోసి శాశ్వత నష్టం కలిగిస్తే కనీసం పదేళ్లు, యావజ్జీవం వరకు. పోయబోయినా ఐదు నుంచి ఏడేళ్లు.

ఉద్దేశం: 109 ఎప్పుడు పడుతుంది

హత్యాయత్నానికి పదేళ్ల వరకు జైలు, జరిమానా. ఆ ప్రయత్నంలో గాయమైతే యావజ్జీవం వరకు వెళ్తుంది. గాయం ప్రాణం తీసేంతటిది కానక్కర్లేదు, చంపే ఉద్దేశంతో చేసిన పని అయితే చాలని 1983లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్దేశాన్ని ఎలా పట్టుకుంటారు? ఏ ఆయుధం, శరీరంలో ఏ భాగం మీద, ఎన్ని వేట్లు, అప్పుడు ఏమన్నాడు, ఎవరైనా ఆపితే ఆగాడా, ముందు నుంచి పగ ఉందా. మెడ మీద మచ్చుకత్తితో మూడు వేట్లు వేస్తే ఒక లెక్క, తోపులాటలో చేతికి తగిలిన ఒక్క గీత ఇంకో లెక్క.

స్టేషన్‌లో 109 అవసరం లేని చోట పెట్టడం, అవసరమైన చోట పెట్టకపోవడం రెండూ జరుగుతాయి. ఎఫ్‌ఐఆర్‌లోని సెక్షనే చివరిదని ఎవరూ నిశ్చింత పడకూడదు, బెంబేలెత్తకూడదు. దర్యాప్తులో సెక్షన్లు పెరగవచ్చు, తగ్గవచ్చు. చార్జ్‌షీట్ వచ్చాక అభియోగాలు ఖరారు చేసేది కోర్టు.

నలుగురు కలిసి వెళ్తే, ఉమ్మడి ఉద్దేశం ఉందని తేలినప్పుడు 3(5) కింద, దెబ్బ వేసినవాడితో సమానంగా మిగతావాళ్లూ బాధ్యులే. ఐదుగురైతే 190 తోడవుతుంది. "నేను పక్కన నిలబడ్డానంతే" అన్న మాట నిలబడాలంటే వీడియోలోనో సాక్షి మాటలోనో అది కనబడాలి. ఫిర్యాదు ఇచ్చేవాళ్లకీ ఒక మాట. అక్కడ లేని అన్ననీ, మావయ్యనీ కలిపి పేర్లు రాయిస్తే ఆ ఒక్క అబద్ధంతో నిజం చెప్పిన భాగం కూడా అనుమానంలో పడుతుంది. కావాలని తప్పుడు కేసు పెట్టడం 248 కింద నేరం, ఐదేళ్ల వరకు జైలు, మోపింది పదేళ్లు లేదా ఆపైన శిక్ష ఉన్న నేరమైతే పదేళ్ల వరకు.

హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టినందువల్ల కొడితే శిక్ష తగ్గుతుంది. 122(2) కింద తీవ్రమైన గాయానికి కూడా ఐదేళ్లకి మించదు. ఆత్మరక్షణ అయితే అసలు నేరమే కాదు, కానీ కాపాడుకోవడానికి అవసరమైనంత వరకే. దాడి చేసినవాడు పారిపోతుంటే వెంటపడి కొట్టిన దెబ్బ ఆత్మరక్షణలోకి రాదు. బాధితులు ఎస్సీ, ఎస్టీ వర్గాల వాళ్లై, కొట్టినవాళ్లు కాకపోతే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కలుస్తుంది. పదేళ్లు లేదా ఆపైన శిక్ష ఉన్న నేరాన్ని బాధితుడి కులం తెలిసీ చేస్తే యావజ్జీవం. ముందస్తు బెయిల్‌ని ఆ చట్టంలోని 18వ సెక్షన్ అడ్డుకుంటుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

ఆస్పత్రిలో

108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. విక్టోరియా, శివాజీనగర్ బౌరింగ్, మల్లేశ్వరం కె.సి. జనరల్, జయనగర్ జనరల్, ఎముకలకి సంజయ్ గాంధీ ఆస్పత్రి, తలకి దెబ్బ తగిలితే నిమ్హాన్స్. దగ్గర్లో ప్రైవేటు ఆస్పత్రి ఉంటే అక్కడికే వెళ్లండి. పోలీసులు వచ్చేదాకా చూడమనడానికి ఏ డాక్టర్‌కీ వీల్లేదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

క్యాజువాల్టీలో "ఎలా తగిలింది?" అని అడుగుతారు. గొడవ ఇంటిదాకా తెలియకూడదని బాత్రూంలో జారిపడ్డానని చెప్పేవాళ్లు ఎంతోమంది. ఆ ఒక్క వాక్యం ఏళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికి తీస్తారు. కొట్టారని చెప్పండి, ఎంఎల్‌సీ నమోదు చేయమని అడగండి.

తర్వాత పోలీసులు కోరితే ఆస్పత్రి వూండ్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఒక్క పేజీ కాగితమే, కానీ కేసంతా దీని మీదే ఉంటుంది. పైన పరీక్షించిన తేదీ, సమయం, వెంట తెచ్చినవాళ్ల పేరు. ఆ కింద గాయం ఎలా అయిందని చెప్పారో ఒకటి రెండు వాక్యాలు. తర్వాత వరసగా గాయాలు, ఒక్కోదానికి రకం, సెంటీమీటర్లలో కొలత, ఎక్కడ ఉంది, ఎంత సేపటిది. చివర్లో మామూలుదా తీవ్రమైనదా అన్న అభిప్రాయం. రకం దగ్గర కళ్లు పెట్టాలి. గీసుకుపోయినది, కమిలినది, చిట్లినది, కోసినది లాంటి రకాలుగా రాస్తారు. కోసిన గాయమంటే పదునైన ఆయుధం, చిట్లిన గాయమంటే మొద్దు వస్తువు. తల మీద చర్మం కింద ఎముక ఉండటంతో కర్ర దెబ్బకి కూడా కత్తితో కోసినట్టు నీటుగా చిట్లుతుంది. కర్రతో కొట్టాడని ఫిర్యాదులో ఉండి, సర్టిఫికెట్‌లో కోసిన గాయం అని ఉంటే రెండూ పొసగవు. ఎక్స్‌రే రాకముందు డాక్టర్ అభిప్రాయం ఆపి ఉంచుతారు. ఎక్స్‌రే రిపోర్టు ఆ డాక్టర్ దగ్గరికి చేరకపోతే తీవ్రమైన గాయం కాస్తా మామూలుదిగా మిగిలిపోతుంది. చేరిందో లేదో దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకోండి.

రక్తం అంటిన బట్టలు ఉతకకండి. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి పోలీసులకివ్వండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకి పాడవుతాయి. గాయాల ఫొటోలు ఆ రోజూ, కమిలిన రంగు బాగా తేలిన రెండో మూడో రోజూ తీయండి.

స్టేషన్‌లో

ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్నతో తిప్పి పంపకూడదు. పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అసలు స్టేషన్‌కి పంపాలి. భయపడి అనంతపురమో చిత్తూరో వెళ్లిపోయినవాళ్లు అక్కడ కూడా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వడం స్టేషన్ బాధ్యత.

ఇక్కడ ఎఫ్‌ఐఆర్ కన్నడంలో ఉంటుంది. అక్షరాలు మన అక్షరాలకి దగ్గరగా ఉండటంతో చాలామంది పైపైన చూసి సంతకం పెట్టేస్తారు. కైయింద అంటే చేత్తో, దొణ్ణె అంటే కర్ర, కబ్బిణద రాడ్ అంటే ఇనుప రాడ్డు, కొలె యత్న అంటే హత్యాయత్నం. ఈ మాటలు మీరు చెప్పినదానికి సరిపోతున్నాయో లేదో చూడండి. చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని చట్టం చెబుతోంది, కాబట్టి చదివి అర్థం చెప్పమని అడగడం మీ హక్కు. కన్నడం రాకపోతే ఫిర్యాదు ఇంగ్లిష్‌లో రాసి ఇవ్వొచ్చు. తేదీ, సమయం, స్థలం, ఎవరు ఎవర్ని దేనితో ఎక్కడ కొట్టారు, ఏమన్నారు, ఎవరు చూశారు, ఏ ఆస్పత్రికి వెళ్లారు, ఇంతవరకే. ఆలస్యమైతే కారణం అందులోనే రాయండి. ఐసీయూలో ఉన్నామనో, స్పృహ లేదనో రాస్తే కోర్టు అర్థం చేసుకుంటుంది. కారణం చెప్పని ఆలస్యాన్ని 1972 నాటి తూలియా కాళి తీర్పు చూపించి ప్రశ్నిస్తారు.

118(1) లాంటి, మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఏసీపీ అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేసే వీలు పోలీసులకుంది. 117(2), 118(2), 109లకి ఆ వెసులుబాటు లేదు. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ని ఆశ్రయించవచ్చు.

పీజీలో, అపార్టుమెంట్లో సీసీటీవీ ఉంటే ఆ రోజే అడగండి. చాలా డీవీఆర్‌లలో కొన్నాళ్లకే పాతదాని మీద కొత్త రికార్డింగ్ ఎక్కిపోతుంది. మేనేజర్‌కి భద్రపరచమని మెయిల్ పెట్టి, కాపీ స్టేషన్‌కి పంపండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన వీడియో నాణ్యత తగ్గిపోతుంది. ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్, అసలు ఫైల్ ఉంచుకోవాలి. భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా ఆ కాపీని కోర్టు సాక్ష్యంగా తీసుకోవడం కష్టం.

కేసు మీద పడితే

ఏడేళ్లు, అంతకు లోపు శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు చేయాల్సిన పని లేదు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే అరెస్టు, బెయిల్, విచారణ పద్ధతి చెప్పే చట్టం) 35(3) కింద హాజరవమని నోటీసు ఇవ్వాలి. 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు ఇదే గట్టిగా చెప్పింది. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగితం చేతికొస్తే మాత్రం చెప్పిన రోజున తప్పకుండా వెళ్లండి, వెళ్లినట్టు రాయించుకోండి. ఎగ్గొడితే అదే అరెస్టుకి కారణమవుతుంది.

అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కన్నడం చదవడం రానివాళ్లకి ఇది ఎంతో విలువైన రక్షణ. ఇంట్లోవాళ్లకి కబురు చెప్పాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. మీకూ దెబ్బలు తగిలి ఉంటే అరెస్టప్పటి వైద్య పరీక్షలో, ఆ తర్వాత మేజిస్ట్రేట్ ముందు తప్పకుండా చెప్పండి. మీ కౌంటర్ కేసుకి అదే ఆధారం. కేసు, కౌంటర్ కేసు రెండూ ఒకే కోర్టులో ఒకదాని వెంట ఒకటి విచారించాలన్నది స్థిరపడిన పద్ధతి.

118(2), 109 లాంటి వాటికి సిటీ సివిల్ అండ్ సెషన్స్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద ముందస్తు బెయిల్ అడగవచ్చు. అరెస్టయ్యాక చార్జ్‌షీట్ రాకపోతే 117(2), 118(1)లకి 60 రోజులు, 118(2), 109లకి 90 రోజులు దాటగానే బెయిల్ హక్కు. కానీ అడిగితేనే ఇస్తారు, చార్జ్‌షీట్ వేసేలోపే అడగాలి. ఆ రోజు లెక్క పెట్టుకోవడం ఇంట్లోవాళ్ల పని.

బెయిల్ వచ్చినా షూరిటీ దగ్గర తెలుగువాళ్లు ఇరుక్కుంటారు. ఇక్కడ పహణీ, అంటే ఆర్‌టీసీ అనే భూమి రికార్డు, లేదా ఇంటి పన్ను కాగితాలున్న స్థానికుడు కావాలంటారు. ఊళ్లో నాన్న పేరున ఉన్న పట్టాదారు పాసుపుస్తకం చూపిస్తే వెనకాడతారు. వేరే జిల్లావాడన్న కారణంతో షూరిటీని తోసిపుచ్చకూడదని 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. లాయర్ చేత ఆ తీర్పు పెట్టించండి. పాసుపుస్తకం, తహసీల్దారు ఇచ్చిన విలువ సర్టిఫికెట్, ఆధార్ సిద్ధంగా ఉంచండి. అప్పటికీ కుదరకపోతే నగదు పూచీకత్తుకి అనుమతి అడగండి. లాయర్ ఫీజు పెట్టుకోలేనివాళ్లకి 15100 నంబరు, లేదా హెచ్. సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో న్యాయ సేవల ప్రాధికార ఉన్నాయి. అరెస్టయి కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు.

విచారణ, రాజీ, శిక్ష

సెక్షన్‌లో రాసిన గరిష్ఠ శిక్షకీ, పడే శిక్షకీ తేడా ఉంటుంది. నృపతుంగ రోడ్డులోనో మేయో హాల్‌లోనో కేసు విచారించే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మూడేళ్లకి మించి జైలు వేయలేరు. అంతకంటే పెద్ద శిక్ష తగునని అనిపిస్తే కేసును చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కి పంపాలి, ఆయన ఏడేళ్ల దాకా వేయగలరు. 109, 117(3), 117(4) సెషన్స్ కోర్టుకి వెళ్తాయి.

రాజీ పడాలంటే 115(2)లో గాయపడినవాళ్లు ఒప్పుకుంటే చాలు. 117(2)లో కోర్టు అనుమతి కావాలి. 118, 109లలో కింది కోర్టులో రాజీకి వీల్లేదు. స్టేషన్లో రాసుకున్న రాజీ కాగితానికి అక్కడ విలువ లేదు. హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కేసు కొట్టేయమని అడగాలి. 2014 నరీందర్ సింగ్, 2019 లక్ష్మీనారాయణ్ తీర్పుల ప్రకారం గాయం ఎక్కడ, ఏ ఆయుధం, కేసు ఏ దశలో ఉంది అన్నవి చూసి నిర్ణయిస్తారు. డబ్బిచ్చి సాక్షుల్ని తిప్పుకోవడం వేరు, చట్టప్రకారం రాజీ వేరు. మొదటిది మరో నేరం.

శిక్ష ఖరారయ్యే రోజున మొదటి నేరం, వయసు, చదువు, కుటుంబ పరిస్థితి లాయర్ చెప్పాలి. 1958 ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడి బాండు మీద వదిలే వీలుంది. యావజ్జీవం వేయదగిన నేరాలకి అది వర్తించదు, కాబట్టి 118(2)లో దారి మూసుకుపోతుంది, 117(2)లో తెరిచి ఉంటుంది. ఆయుధం మీద అంత పోరాటం దేనికో ఇక్కడ తెలుస్తుంది.

కేసు పెండింగ్‌లో ఉండగా పాస్‌పోర్టు కావాలంటే ఆ కోర్టు అనుమతి తీసుకోవాలి. ఉత్తర్వులో ఎన్నాళ్లకో రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. ఆన్‌సైట్, అంటే విదేశంలో పని, ఉన్నవాళ్లు పిటిషన్‌లోనే కాలపరిమితి అడగాలి.

బాధితులు పీపీకి, అంటే ప్రభుత్వ లాయర్‌కి, తోడుగా సొంత లాయర్ని పెట్టుకోవడానికి కోర్టును అడగవచ్చు. జరిమానా నుంచి పరిహారం ఇప్పించమని తీర్పుకి ముందే అడగండి. అది చాలకపోయినా, నిందితుడు దొరకకపోయినా జిల్లా న్యాయ సేవల ప్రాధికారలో బాధితుల పరిహార పథకం కింద దరఖాస్తు పెట్టాలి. పోలీసులు బి రిపోర్ట్ వేసి కేసు మూసేస్తే మీకు నోటీసు వస్తుంది, ఆ కోర్టులోనే అభ్యంతర పిటిషన్ వేయొచ్చు. చిరునామా మారిస్తే స్టేషన్‌కి రాసి ఇవ్వండి. పీజీ ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లకి ఆ నోటీసు చేరక కేసులు మూతపడిపోతున్నాయి. ఎఫ్‌ఐఆర్ నంబరుతో ఈకోర్ట్స్ యాప్‌లో వెతికి, దొరికిన సీఎన్‌ఆర్‌ని, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే కేసు నంబరుని, దాచుకుంటే వాయిదాలు ఫోన్‌లోనే కనబడతాయి.

మేజిస్ట్రేట్ తీర్పు మీద దోషి సెషన్స్‌కి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. జైలు మూడేళ్లకి మించకుండా, అప్పటిదాకా బెయిల్ మీద ఉంటే, అప్పీలు వేసేందుకు శిక్షను అదే కోర్టు నిలిపి బెయిల్ ఇవ్వగలదు. ఆ దరఖాస్తు తీర్పు రోజే చేతిలో సిద్ధంగా ఉండాలి, షూరిటీ కూడా కోర్టు హాల్లోనే ఉండాలి. నిందితుడు విడుదలైనా, చిన్న సెక్షన్ కింద శిక్ష పడినా, పరిహారం తక్కువైనా బాధితుడికీ అప్పీలు హక్కుంది. శిక్ష తక్కువైందన్న ఒక్క కారణంతో మాత్రం బాధితుడు అప్పీలు చేయలేడు. అది ప్రభుత్వం వేయాలి, దానికి పీపీకి దరఖాస్తు ఇవ్వాలి.